పార్సిల్ బోర్డర్ దాటితే 40 లక్షల లెక్క చెల్లదు

చిత్తూరు వాళ్లకు తిరుపతి కన్నా వేలూరే దగ్గర. ఇక్కడ ఇంట్లో ఆవకాయో మామిడి తాండ్రో చేసి వాట్సాప్‌లో అమ్మడం మొదలుపెడితే, మదనపల్లె నుంచి ఆర్డర్ వచ్చేలోపే చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చేస్తుంది. జీఎస్టీ గురించి ఎవరిని అడిగినా "ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, టెన్షన్ పడొద్దు" అంటారు. మా వదిన కూడా అదే నమ్మింది.

అది సగం నిజమే. సరుకులకు 40 లక్షల పరిమితి మన రాష్ట్రంలోపల అమ్ముకునేవాళ్లకు. పన్ను పడే సరుకు పక్క రాష్ట్రానికి పంపాలంటే, 300 రూపాయల సీసా ఒక్కటైనా సరే, ముందు రిజిస్ట్రేషన్ ఉండాలి.

మినహాయింపులు లేకపోలేదు. కుంకుమ, గాజు గాజుల లాంటి పన్ను లేని సరుకు మాత్రమే అమ్మితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చేతిపని వస్తువులకైతే మొత్తం అమ్మకాలు 20 లక్షల లోపు ఉంటే వేరే రాష్ట్రానికీ పంపొచ్చు, కానీ పాన్ ఉండాలి, విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్ (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయాలి. శ్రీకాళహస్తి కలంకారీ, మాధవమాల కొయ్యబొమ్మలు అమ్మేవాళ్లు ఈ మినహాయింపు ఇచ్చిన ప్రభుత్వ నోటిఫికేషన్ జాబితాలో తమ సరుకు ఉందో లేదో చూసుకోండి. పని ఎక్కువ భాగం చేత్తోనే జరగాలి, మిషన్ మీద అచ్చేసిన 'కలంకారీ'కి ఇది వర్తించదు.

అమెజాన్, మీషో లాంటి చోట్ల 2023 అక్టోబర్ 1 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే, జీఎస్టీ పోర్టల్‌లో తీసుకునే ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌తో అమ్మొచ్చు, అయితే రాష్ట్రం లోపలే. అమ్మకాల మీద ఒక శాతమే పన్ను కదా అని చిన్న వ్యాపారుల కాంపోజిషన్ స్కీమ్ తీసుకున్నా అంతే, బోర్డర్ దాటకూడదు.

రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ ఫీజేమీ లేదు. పోర్టల్‌లో పాన్, ఆధార్, కరెంటు బిల్లు, అద్దె ఇల్లైతే ఓనర్ అగ్రిమెంటో ఒప్పుకోలు పత్రమో పెట్టాలి. తమిళనాడుకు పంపుతున్నాం కాబట్టి అక్కడ ఇంకోటి తీసుకోవాలేమో అని చాలామంది భయపడతారు, అక్కర్లేదు. చెన్నై గోడౌన్‌లో స్టాకు పెట్టి అక్కడినుంచి పంపితేనే ఆ రాష్ట్రంలో వేరే నంబర్ కావాలి. 

ఇక బిల్లు. అసలు తప్పులు ఇక్కడే జరుగుతాయి. పచ్చళ్లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం. 500 రూపాయల ఆవకాయకు 80 రూపాయల కొరియర్ మీరే కలిపి వసూలు చేస్తే పన్ను 580 మీద పడుతుంది, అంటే 29 రూపాయలు. చెన్నైకి పంపితే ఆ 29 మొత్తం ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకాల పన్ను), మదనపల్లెకైతే సీజీఎస్టీ (కేంద్రం వాటా) 14.50, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 14.50. తిరుపతిలో ఉండే ఆయన డబ్బు కట్టి హోసూరులో కూతురికి పంపమంటే? ఆయనకు జీఎస్టీ నంబర్ లేకపోతే సరుకు చేరే చోటే లెక్క, అంటే ఐజీఎస్టీ. అందుకే డెలివరీ అడ్రస్, రాష్ట్రం పేరు బిల్లు మీద తప్పకుండా రాయండి. రిటర్న్‌లోనూ రాష్ట్రాలవారీగా చూపించాలి కదా, మూడు నెలల తర్వాత కొరియర్ రసీదులు వెతుక్కుంటూ కూర్చోవడం నరకం.

ఆన్‌లైన్ సైట్లలో అమ్మితే వాళ్లు మీకిచ్చే డబ్బులోంచి 0.5 శాతం టీసీఎస్ (ముందే పట్టే పన్ను) పట్టుకుంటారు. అది మీ డబ్బే, పోర్టల్‌లో ఒప్పుకుంటే మీ క్యాష్ లెడ్జర్‌లోకి (పన్ను కట్టడానికి వాడుకునే పోర్టల్ ఖాతా) వస్తుంది, చాలామంది ఆ బటన్ నొక్కడమే మర్చిపోతారు.

చిన్నవాళ్లు మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతి ఎంచుకోవచ్చు, మూడింటిలో మొదటి రెండు నెలల్లో పన్నుంటే మాత్రం తర్వాతి నెల 25లోపు కట్టాలి. మూడు నెలలు అయ్యాక వచ్చే నెలలో అమ్మకాల వివరాల రిటర్న్ (జీఎస్టీఆర్-1) 13లోపు, పన్ను లెక్క రిటర్న్ (జీఎస్టీఆర్-3బి) మన రాష్ట్రానికి 22లోపు. అమ్మకాలు సున్నా అయినా వెయ్యాల్సిందే. మా వదిన ఒకసారి మామిడి సీజన్ అయిపోయింది కదా అని వదిలేసి, రోజుకు 20 రూపాయల చొప్పున లేట్ ఫీజు కట్టింది. ఇప్పుడు ఆమె వంటింటి క్యాలెండర్‌లో జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ పేజీల్లో 13, 22 చుట్టూ ఎర్ర సున్నాలే.