తుఫాన్ల నెల రాకముందే రంపం మిషన్ స్విచ్ చూసుకోండి

అక్టోబరొచ్చిందంటే మన సికాకుళంలో కరెంటు ఎప్పుడు పోద్దో ఎప్పుడొస్తాదో తెలీదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను కొట్టాక మా షెడ్డుకి రోజుల తరబడి కరెంటే లేదు. వచ్చిన రోజు నేను మిషన్ టేబుల్ మీద పొట్టు తుడుస్తన్నాను, స్విచ్ ఆన్‌లోనే ఉండిపోయిందన్న ధ్యాసే లేదు, ఒక్కసారి బుర్రుమని బ్లేడు తిరిగి చేతిలో గుడ్డ లాక్కుపోయి పీలికలు చేసేసింది.

మామూలు స్విచ్‌కి గానీ ఎంసీబీకి గానీ కరెంటు పోయిందన్న సంగతి పట్టదు, ఆన్‌లో ఉంటే అలగే ఉంటాయి. మనకి కావాల్సింది నో వోల్ట్ కాయిల్ ఉన్న పుష్ బటన్ స్టార్టర్, డీవోఎల్ అంటారే, అది. పచ్చ బటన్ నొక్కితే కాయిల్ అయస్కాంతమై కాంటాక్టుల్ని పట్టుకుంటాది, కరెంటు పోతే వదిలేస్తాది, మళ్లీ మనం నొక్కితేనే తిరుగుతాది.

ఇంట్లో పడుందని పొలం మోటారు ఆటో స్టార్టర్ మాత్రం తెచ్చి బిగించకండి బాబూ! అర్ధరాత్రి కరెంటొస్తే టార్చి పట్టుకుని చేలోకి పోనక్కర్లేకుండా మోటార్ దానంతటదే ఆన్ అవ్వాలని పెట్టుకునేది అది, రంపానికి ఆ సుఖం ఎందుకు?

కొనేటప్పుడు మోటారు ప్లేటు మీద ఆంప్స్ రాసుకుని వెళ్లండి, స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే, అంటే మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసేది, ఆ నంబరుకే పెట్టాలి, మాటిమాటికీ కొడతందని పెంచేస్తే మోటారే కాలుద్ది. ఆ రిలే కొట్టాక రీసెట్ చేత్తో చేసేదే ఉండాలి. కాయిల్ 230 వోల్టులదో 415దో అడగండి. త్రీ ఫేజ్‌లో 415 కాయిల్ రెండు ఫేజుల మీదే నడుస్తాది కాబట్టి మూడోది పోయినా వదలదు, మోటార్ మూలుగుతా ఉంటాది, అందుకే ఏ ఒక్క ఫేజు పోయినా మోటారు ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ కూడా పెట్టించండి. బిగించే పని ఎలక్ట్రీషియన్‌కే వదలండి.

ఎర్ర స్టాప్ బటన్ పుట్టగొడుగులా పెద్దది, నొక్కితే అలగే ఉండిపోయేది తీసుకోండి. రెండు చేతులూ చెక్క మీదుంటాయి కదా, మోకాలితో తగిలించేలా ముందు పెట్టించండి, బ్లేడు మీదుగా వంగి నొక్కాల్సొస్తే అది ఉన్నా లేనట్టే. స్టార్టర్‌కి పొట్టు దూరని మూత పెట్టె అయితే మంచిది.

బిగించాక చెక్క తీసేసి దూరంగా నిలబడి మిషన్ ఆన్ చెయ్యండి, మెయిన్ ఆపి, బ్లేడు పూర్తిగా ఆగాక మళ్లీ వెయ్యండి. కదిలిందా, ఆ స్టార్టర్ వెనక్కిచ్చెయ్యండి. బ్లేడు మార్చేటప్పుడు స్టాప్ నొక్కి ఊరుకోకండి, మెయిన్ కూడా దించాలి. లాక్ బటన్ ఉన్న చేతి గ్రైండర్లయితే కరెంటు పోగానే ప్లగ్గు పీకెయ్యడమే.