బ్రెడ్ పిండి కలపడానికి గట్టి మిక్సర్‌ను ఎలా ఎంచుకోవాలి?

కేకు పిండిని ఏ స్టాండ్ మిక్సరైనా (మన మిక్సీ కాదు, గిన్నెలో కొక్కెంతో పిండి కలిపేది) గిలకొడుతుంది. యంత్రం సత్తా బయటపడేది బ్రెడ్ పిండి దగ్గరే. మైదాలో నీళ్లు పోసి కలిపిన ముద్ద మొదటి రెండు నిమిషాలు చెప్పినట్టు వింటుంది. ఆ తర్వాత పిండిని సాగేలా చేసే మాంసకృత్తు, గ్లూటెన్, బిగుసుకుని కొక్కేన్ని పట్టుకుని వెనక్కి గుంజడం మొదలుపెడుతుంది. ఎనిమిది, పది నిమిషాలు ఆ గుంజుడును తట్టుకునే యంత్రం మనకు కావాలి.

నేను కొన్న మొదటి మిక్సర్ పెట్టె మీద 1,000 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉండేది. ఆరు నెలలు బాగానే నడిచింది. ఒక రోజు గోధుమపిండి ముద్ద కలుపుతుండగా మోటారు చప్పుడు వినిపిస్తూనే ఉంది, కొక్కెం మాత్రం నిలబడిపోయింది. మరమ్మతు చేసే ఆయన పైమూత విప్పి, గ్రీజులో మునిగిన తెల్లటి ప్లాస్టిక్ గేరును వేళ్లతో బయటికి తీశారు. ఒక వైపు నాలుగు పళ్లు పూర్తిగా అరిగి నున్నగా అయిపోయాయి. మోటారుకు ఏ లోపమూ లేదు. దుకాణంలో నేను అడగవలసింది వాట్ల గురించి కాదని అప్పుడు తెలిసింది.

ముందు మీ ముద్దను తూచండి

దుకాణానికి వెళ్లే ముందే ఇంట్లో ఒక లెక్క తేల్చుకోవాలి. ఒక్కో విడతకు ఎంత ముద్ద కలుపుతారు? బేకరీల్లో అన్ని పాళ్లనూ పిండి బరువు మీద శాతాల్లో చెబుతారు. పిండి 100 అయితే నీళ్లు 65, నూనె 3, ఉప్పు 2, పొడి ఈస్ట్ 1. మామూలు శాండ్‌విచ్ బ్రెడ్‌కు ఇవి మంచి పాళ్లు. ఈ లెక్కన కిలో మైదా 1,710 గ్రాముల ముద్ద అవుతుంది. చిన్న అచ్చులో ఒక బ్రెడ్‌కు సుమారు 450 గ్రాముల ముద్ద పడుతుంది కాబట్టి వారానికి రెండు బ్రెడ్లు చేసుకునే ఇంటికి 900 గ్రాములు కలిపే యంత్రం చాలు. పావ్‌లు, బన్నులు చేసి అమ్మేవారు విడతకు 3 కిలోలు కలిపే దాని కంటే చిన్నది కొంటే రోజంతా మిక్సర్ ముందే నిలబడవలసి వస్తుంది.

గిన్నె పరిమాణాన్ని కంపెనీలు లీటర్లలో చెబుతాయి. 5 లీటర్ల గిన్నె అంటే 5 కిలోల ముద్ద అని అనుకోవద్దు. అంత గిన్నె ఉన్న ఇంటి మిక్సర్‌లో నేను కిలోంబావు ముద్ద దాటనివ్వను. వాడుక పుస్తకంలో గరిష్ఠ పరిమాణం అని ఒక అంకె ఉంటుంది. అది పొడి పిండికి చెప్పిందా, కలిపిన ముద్దకు చెప్పిందా చూసుకోండి. మీరు రోజూ కలిపేది ఆ అంకెలో మూడింట రెండు వంతులు మించకపోతే యంత్రం చాలా కాలం మన్నుతుంది.

బరువుతో పాటు గట్టిదనం కూడా చూడాలి. నీళ్లు తగ్గేకొద్దీ యంత్రానికి కష్టం పెరుగుతుంది. కిలో పావ్ ముద్దను సునాయాసంగా తిప్పే మిక్సర్, 55–58 శాతం నీళ్లతో చేసే బేగెల్ (వడలా మధ్యలో రంధ్రం ఉండే బ్రెడ్) ముద్ద అంతే బరువున్నా మూలుగుతుంది. మన చక్కీ గోధుమపిండి సంగతీ ఇంతే. తిరగలి రాళ్ల మధ్య నలిగిన ఆ పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది. 65 శాతం నీళ్లతో మైదా మెత్తగా వస్తే, అదే కొలతకు గోధుమపిండి రాయిలా ఉంటుంది. 75 శాతం దాకా పోస్తేనే దారికి వస్తుంది. గోధుమ బ్రెడ్ ఎక్కువగా చేసేవారు తమకు అవసరమనిపించిన దాని కంటే ఒక మెట్టు పై యంత్రాన్ని చూడాలి.

వాట్లను పక్కన పెట్టండి

వాట్లు చెప్పేది యంత్రం ఎంత కరెంటు తీసుకుంటుందో మాత్రమే. కొక్కెం దగ్గరికి ఎంత బలం చేరుతుందో ఆ అంకెలో ఉండదు. మన వంటింటి మిక్సీనే చూడండి. 750 వాట్లు, బ్లేడు నిమిషానికి దాదాపు 18,000 చుట్లు. పచ్చళ్లు, పొడులు క్షణాల్లో నూరుతుంది. బ్రెడ్ పిండికి కావలసింది నిమిషానికి వంద చుట్ల ప్రాంతంలో, ఎంత గుంజినా తగ్గని తిప్పుడు. మోటారు వేగాన్ని తగ్గించి బలంగా మార్చేది గేర్లు. కాబట్టి గేర్లు ఇనుమువా, ప్లాస్టిక్‌వా అని తప్పకుండా అడగండి.

ఇందులో ఒక మెలిక ఉంది. కొన్ని మంచి యంత్రాల్లోనూ ఒక్క గేరును కావాలనే మెత్తటి పదార్థంతో చేస్తారు. భారం మించినప్పుడు అది తెగి మోటారును కాపాడుతుంది. అలాంటప్పుడు ఆ గేరు విడిగా దొరుకుతుందా, మీ ఊళ్లో మార్చేవారు ఉన్నారా అన్నదే అసలు ప్రశ్న. దొరికేటట్టయితే ఆ ఏర్పాటు మంచిదే.

తర్వాత యంత్రాన్ని వెల్లకిలా తిప్పి అడుగున ఉన్న చిన్న పలక చదవండి. దాని మీద కేబీ అనే అక్షరాలు, పక్కన 5 నిమిషాలనో 10 నిమిషాలనో ఉండవచ్చు. ఏకధాటిగా అంతసేపే నడపాలని దాని అర్థం. మరికొన్నిటి మీద ఇన్ని నిమిషాలు నడపాలి, ఇన్ని నిమిషాలు ఆపాలి అని ఉంటుంది. బ్రెడ్ పిండికి 8 నుంచి 12 నిమిషాలు పడుతుంది. 5 నిమిషాల యంత్రం పెట్టె మీద ఎంత పెద్ద అంకెలు ఉన్నా దాన్ని అక్కడే వదిలేయండి.

ఏ రకం?

ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ప్లానెటరీ రకం. గిన్నె కదలదు. కొక్కెం తన చుట్టూ తాను తిరుగుతూ గిన్నె చుట్టూ కూడా తిరుగుతుంది. అమెరికాలో హోబార్ట్ సంస్థ పెద్ద వంటశాలల మిక్సర్లు చేసిన అనుభవంతో 1919లో కిచెన్‌ఎయిడ్ పేరుతో ఇళ్లకు తెచ్చిన మిక్సర్, ఇంగ్లండ్‌లో 1950లో వచ్చిన కెన్‌వుడ్ షెఫ్ రెండూ ఈ కుటుంబానివే. గుడ్లు, క్రీము, కేకు, బ్రెడ్ అన్నీ ఒకే యంత్రంతో కావాలంటే ఇదే తీసుకోవాలి. ఇందులో తల పైకి లేచేవి, గిన్నెను పైకి ఎత్తేవి అని రెండు తీర్లు. గట్టి ముద్ద పడితే తల లేచేవాటిలో కీలు దగ్గర తల ఎగిరెగిరి పడుతుంది, కాలక్రమంలో వదులవుతుంది. బ్రెడ్ కోసమైతే గిన్నెను ఎత్తే తీరే నయం.

స్పైరల్ మిక్సర్‌లో గిన్నే తిరుగుతుంది. మెలితిరిగిన కొక్కెం ఒకే చోట ఉండి తిరుగుతుంది, మధ్యలో నిలువు కడ్డీ ముద్దను చుట్టుకుపోకుండా ఆపుతుంది. కొక్కెం ఒక్కసారికి ముద్దలో కొంత భాగాన్నే పట్టుకుంటుంది కాబట్టి మోటారు మీద భారం, ముద్దలో పుట్టే వేడి రెండూ తక్కువ. బేకరీల్లో ఉండేది ఇదే. ఇప్పుడు 5 కిలోల ముద్ద పట్టే ఇంటి స్పైరళ్లు కూడా వస్తున్నాయి, కానీ వాటి బరువు 30 కిలోల దాకా ఉంటుంది. ఇది క్రీము గిలకొట్టడానికి పనికిరాదు, అడుగున కాస్త పిండి వేస్తే సరిగా కలపదు. రోజూ బ్రెడ్ చేసి అమ్మే ఇంటికి మాత్రం నేను మరో మాట లేకుండా దీన్నే చెబుతాను.

మూడోది స్వీడన్‌లో 1940 నుంచి తయారవుతున్న ఆంకర్స్‌రమ్. 7 లీటర్ల స్టీలు గిన్నె తిరుగుతూ ఉంటే, గాడుల రోలరు ముద్దను గిన్నె అంచుకు అదిమి సాగదీస్తుంది. మోటారు గిన్నె కింద ఉంటుంది. చిన్నదైనా పెద్ద ముద్దను మోయగలదు. వాడకం అలవాటు కావడానికి మాత్రం నాలుగైదు విడతలు పడుతుంది.

ఇక గ్రైండర్‌తో పాటు ఇచ్చే పిండి కలిపే సామాను చపాతీలకు బాగుంటుంది. బ్రెడ్‌కు కావలసినంత సాగుడు దానితో రాదు.

కొక్కెం, గిన్నె, బరువు

కొక్కెం ఆంగ్ల అక్షరం సీ ఆకారంలో ఉంటే ముద్ద దాన్ని పట్టుకుని పైకి పాకి గేర్ల దాకా చేరుతుంది. మరమేకులా మెలితిరిగిన కొక్కెం ముద్దను కిందికి నొక్కుతుంది. అదే ఎంచుకోండి. కొక్కేనికీ గిన్నె అడుగుకూ మధ్య దూరాన్ని సరిచేసే మర ఉందో లేదో చూడండి. యంత్రం బరువు 10 కిలోలకు తగ్గితే గట్టి ముద్ద దగ్గర గట్టు మీద నడుచుకుంటూ వెళ్లిపోతుంది.

మన ఎండల లెక్క

ఈ విషయం కొనేవారు దాదాపు ఎవరూ అడగరు. కలపడం పూర్తయ్యే సరికి ముద్ద 26 డిగ్రీల దగ్గర ఉంటే ఈస్ట్ పద్ధతిగా పొంగుతుంది. బేకరీల్లో వాడే లెక్క ఇది: 26ను మూడుతో హెచ్చవేసి, అందులోంచి గది వేడి, పిండి వేడి, యంత్రం రాపిడి వల్ల పెరిగే వేడి తీసేస్తే నీళ్లు ఎంత చల్లగా ఉండాలో వస్తుంది. గది 34, పిండి 32, రాపిడి 10 అనుకుంటే నీళ్లు 2 డిగ్రీల వద్ద ఉండాలి, అంటే ఐసు నీళ్లే. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో వంటింట్లో గది వేడి ఇంకా పైకి పోతుంది, ఐసు నీళ్లు కూడా చాలవు, పిండిని ఫ్రిజ్‌లో పెట్టవలసి వస్తుంది. రాపిడి తక్కువ ఉండే స్పైరల్ కొన్ని డిగ్రీలను మిగిల్చి ఇస్తుంది. ముద్దలో గుచ్చి చూసే చిన్న థర్మామీటరును మిక్సర్‌తో పాటే కొనుక్కోండి.

అమెరికా నుంచి తెప్పించుకునేవారికి

పిల్లలు అక్కడి నుంచి తెస్తామంటే కాస్త ఆగి ఆలోచించండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. వోల్టేజీని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది, కానీ అది హెర్ట్జ్‌ను మార్చదు. వేగాన్ని ఎలక్ట్రానిక్ పలక నియంత్రించే యంత్రాల్లో దానివల్ల తేడాలు రావచ్చు. ఇక్కడ సాధారణంగా వారంటీ కూడా వర్తించదు. ఎలాగైనా తెచ్చుకుంటామంటే, మిక్సర్ వాట్లకు రెట్టింపు సామర్థ్యం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ఇక్కడ కొన్నా సరే, 1,500 వాట్ల యంత్రాన్ని చిన్న ప్లగ్గులో పెట్టకుండా 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టండి.

తెచ్చిన రోజు

మొదటి విడతకు అర కిలో మైదా చాలు. పిండి, నీళ్లు మాత్రమే రెండు నిమిషాలు కలిపి, ఆపి, మూతపెట్టి 20 నిమిషాలు వదిలేయండి. ఫ్రెంచ్ బేకింగ్ ఆచార్యుడు రేమండ్ కల్వెల్ 1974లో చెప్పిన పద్ధతి ఇది. ఆ విరామంలో గ్లూటెన్ తనంతట తానే అల్లుకుంటుంది, యంత్రానికి సగం పని తప్పుతుంది. ఆ తర్వాత ఉప్పు, ఈస్ట్, నూనె వేసి తక్కువ వేగంలోనే కలపండి. కిచెన్‌ఎయిడ్ వాళ్లు బ్రెడ్ పిండిని రెండో వేగం దాటించవద్దని రాస్తారు. మిగతా ప్లానెటరీ మిక్సర్లకూ అది మంచి హద్దే.

ఆరో నిమిషంలో మోటారు ఉన్న చోట అరచెయ్యి ఆనించండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా ఆపి చల్లారనివ్వండి. మళ్లీ అంతే అయితే వారంటీ గడువులోనే దుకాణానికి తీసుకెళ్లండి. పదో నిమిషంలో నిమ్మకాయంత ముద్ద తుంచి రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా సాగదీసి కిటికీ వైపు పట్టుకోండి. చిరగకుండా పలుచటి పొరలా సాగి, అవతలి వెలుతురు కనిపిస్తే ముద్ద తయారైనట్టే. తర్వాతి విడతకు పావు కిలో పెంచి, మళ్లీ ఆరో నిమిషంలో అదే చోట చెయ్యి పెట్టి చూడండి.