ఉప్పునీటి ట్యాంకు మీద జిడ్డు పొరకు చిన్న చిట్కా

మా హైదరాబాద్ ఫ్లాట్‌లో వంటగది, హాలు కలిసే ఉంటాయి. పోపు వేసిన రోజు ఉప్పునీటి అక్వేరియం మీద జిడ్డు పొర ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. వెనక తగిలించే ఓవర్‌ఫ్లో బాక్స్ (ట్యాంకు పైనీటిని సంప్‌కు, అంటే కింద ఉండే ఫిల్టర్ తొట్టికి పంపే పెట్టె) ఉన్నా పొర పోయేది కాదు. దాని అంచున దువ్వెన పళ్లలా ఉండే సందులు లోతుగా ఉండటంతో పైనీటితో పాటు కింది నీరు కూడా లోపలికి పోతోంది.

ఖాళీ నీళ్ల బాటిల్ నుంచి పారదర్శకమైన పట్టీ కత్తిరించి బాగా కడిగాను. సందుల కింది భాగం మూసి, పైన 1 సెంటీమీటరు మాత్రం తెరిచి ఉండేలా బాక్స్ బయటి వైపు పెట్టి, ప్లాస్టిక్ కేబుల్ టైలతో బిగించాను. ఇనుప క్లిప్పులు మాత్రం వద్దు, ఉప్పునీటిలో తుప్పు పడతాయి. తర్వాత రిటర్న్ పైపు (సంప్ నుంచి నీటిని తిరిగి ట్యాంకులోకి తెచ్చేది) మూతిని కాస్త పైకి తిప్పాను. అలలు పొరను బాక్స్ వైపు నెట్టాలి, అసలు తేడా అక్కడే వస్తుంది. మర్నాటికి నీళ్లు అద్దంలా ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త. పట్టీ పెట్టాక ట్యాంకులో నీటి మట్టం పెరుగుతుంది. పంపు పెద్దదైతే సందులు చాలక నీళ్లు అంచు దాటి నేల మీదికి వస్తాయి. అంచుకూ నీటికీ మధ్య కనీసం 2 సెంటీమీటర్లు లేకపోతే పట్టీ కిందికి జరపండి. కరెంటు పోయినట్టుగా పంపు ఆపి, మళ్లీ వేసి, బాక్స్‌లోని నీటిని ట్యాంకు అంచు మీదుగా బయటికి తెచ్చే U ఆకారపు గొట్టంలో నీరు తెగకుండా పారుతోందో, ఆపినప్పుడు దిగే నీరు సంప్‌లో పొంగకుండా ఇముడుతుందో దగ్గరుండి చూడండి. నత్తలుంటే అవి అడ్డుపడొచ్చు, సందులు రోజూ చూడాలి.