అమ్మేవాళ్ళున్నారు, కొనేవాళ్ళున్నారు, ఆర్డర్లు మాత్రం రావడం లేదా?

సమస్య: యాప్ మొదలుపెట్టి రెండు నెలలైంది. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇంట్లో పచ్చళ్ళు, వడియాలు, అప్పడాలు చేసేవాళ్ళు బాగానే చేరారు, కొనేవాళ్ళూ డౌన్‌లోడ్ చేసుకున్నారు, అయినా ఆర్డర్లు లేవు.

అందరూ ముందు ప్రకటనలకి డబ్బు పెడతారు. ఆగండి. అడ్మిన్ లాగిన్ పక్కన పెట్టి, కొనేవాళ్ళ ఫోన్ తీసుకుని, వాళ్ళ పిన్‌కోడ్‌తో వెతకండి. పర్లాకిమిడి పిన్‌కోడ్‌తో ఒకసారి, మహేంద్రతనయ నది దాటి ఆంధ్రా వైపున్న పాతపట్నం పిన్‌కోడ్‌తో ఇంకోసారి. 7తో మొదలయ్యే పిన్‌కోడ్‌కి సరుకు కనిపించి, 5తో మొదలయ్యేదానికి ఖాళీ వస్తే దొంగ దొరికినట్టే. మేము ఇది చూడకుండా నెల రోజులు పాతపట్నంలో కరపత్రాలు పంచాం. మా కొనేవాళ్ళలో సగం పైన అటువైపువాళ్ళే.

కారణం జీఎస్టీ. 2023 అక్టోబర్ 1 నుంచి జీఎస్టీ నంబర్ లేని చిన్న వ్యాపారులు కూడా మనలాంటి యాప్‌లలో సరుకు అమ్మొచ్చు, పాన్‌తో పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుంటే చాలు. కాకపోతే సొంత రాష్ట్రంలోనే అమ్మాలి. కూరలకి పొద్దున్న వెళ్ళి టిఫిన్ టైముకి ఇంటికి వచ్చేసే దూరమైనా చట్టం లెక్కలో అది ఒడిశా నుంచి ఆంధ్రాకి వెళ్ళే సరుకే. అలాంటి ఆర్డర్ని యాప్ ఆపకపోతే జరిమానా మనకే: 10,000 రూపాయలు లేదా పన్ను మొత్తం, ఏది ఎక్కువైతే అది. ఆడిటర్ చెబితే మా కుర్రాడు ఆ సరుకు అటువైపు కనిపించకుండా ఫిల్టర్ పెట్టాడు, పెట్టిన సంగతి అందరం మర్చిపోయాం. డ్యాష్‌బోర్డ్‌లో రెండు వైపుల అంకెలూ కలిపి నిండుగా కనిపిస్తుంటే అనుమానం ఎక్కడినుంచి వస్తుంది?

పరిష్కారం ఫిల్టర్ తీసేయడం కాదు, దయచేసి తీయకండి. సరుకు బాగా అమ్ముడుపోయే ఇద్దరు ముగ్గురి చేత మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించండి (కాంపోజిషన్, అంటే చిన్న వ్యాపారులకి తక్కువ పన్ను పద్ధతి, పనికిరాదు, వాళ్ళూ రాష్ట్రం దాటలేరు). వాళ్ళ అమ్మకాల మీద 0.5% టీసీఎస్ (అమ్మకం డబ్బులోంచి యాప్ ముందే పట్టుకునే పన్ను) మీరు పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, ఆ మాట ముందే చెప్పకపోతే డబ్బు తక్కువొచ్చిందని గొడవ. మిగతావాళ్ళని ఒడిశా వైపు అమ్ముకోనివ్వండి, పాతపట్నానికి పాతపట్నం వాళ్ళనే చేర్చండి. అంటే ఇవి రెండు వేరు వేరు బజార్లు. అంకెలూ వేరుగానే చూడాలి, ఒకటి నిలబడ్డాకే రెండోది.

సమస్య: మొదటి ఆర్డర్ వస్తుంది, రెండోది రాదు. డబ్బాతో పాటు అమ్మేవాళ్ళ ఫోన్ నంబర్ వెళ్ళిపోయింది, ఇక నేరుగా వాళ్ళకే ఫోన్ చేసి కొంటారు, అంతే. చిన్న ఊళ్ళో నంబర్ దాచడం అయ్యే పని కాదు. పాత కొనుగోలుదారు మళ్ళీ కొంటే కమీషన్ తగ్గించండి, సీసా పగిలితే డబ్బు వాపసు యాప్‌లో కొన్నవాళ్ళకే ఇవ్వండి.

సర్వర్, పేమెంట్ గేట్‌వే, లోగో రంగు అంటారు కొందరు. నేను చూసినంతలో వాటి వల్ల ఆగిన యాప్ ఒకటో రెండో. పిన్‌కోడ్ కొట్టి చూశాక అప్పుడు అడగండి.