సదస్సు పనులు కమిటీల మధ్య జారిపోకుండా

వృత్తిరీత్యా నేను ఆడిటర్‌ని. స్వచ్ఛంద సంస్థల అంతర్జాతీయ సదస్సులకు మూడుసార్లు వాలంటీరుగా పనిచేశాను. మొదటిసారి రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర, రెండోసారి వీసా లేఖల కమిటీలో, మూడోసారి అన్ని కమిటీలనూ కలిపే సమన్వయకర్తగా. మూడుసార్లూ దెబ్బ తగిలింది ఒకేచోట. కమిటీ లోపల పని చెడటం అరుదు. ఒక కమిటీ చేతిలోంచి ఇంకో కమిటీ చేతిలోకి మారేటప్పుడే చెడుతుంది.

రెండోసారి జరిగింది చెప్తాను. సెషన్ల ప్రతిపాదనలు పంపే గడువును కార్యక్రమ కమిటీ రెండు వారాలు పెంచింది. చిన్న సంస్థలు అడిగాయి, వీళ్లు మంచి మనసుతో ఒప్పుకున్నారు. మా వీసా కమిటీకి ఆ సంగతి అందరితోపాటు ప్రకటన చూశాకే తెలిసింది. గడువు రెండు వారాలు పెరిగితే ఎంపికలు మూడు వారాలు వెనక్కి పోయాయి. ప్రయాణ సహాయం ఎవరికివ్వాలన్న నిర్ణయం ఇంకా వెనక్కి పోయింది. మేం ఆహ్వాన లేఖలు పంపేసరికి కొన్ని దేశాల్లో వీసా అపాయింట్‌మెంట్లు సదస్సు అయిపోయాక తేదీలకే దొరుకుతున్నాయి. రాలేకపోయినవాళ్లు ఎక్కువగా ఎవరంటే, ఎవరి కోసం గడువు పెంచారో వాళ్లే. తర్వాత సమీక్షలో కూర్చుని తప్పెవరిదో తేల్చబోతే తిలా పాపం తలా పిడికెడు అయింది.

అందుకే మీ చేతికి కొత్తగా ఒక సదస్సు వస్తే, కమిటీలకు పేర్లు పెట్టకముందే ఒక కాగితం తయారుచేయండి. మేం దాన్ని అప్పగింతల పట్టిక అనేవాళ్లం. ఏమిటి, ఎవరిస్తారు, ఎవరు పుచ్చుకుంటారు, ఏ రోజుకి: ఇవి నాలుగు గళ్లు. అయిదో గడి అసలైనది: ఆలస్యమయ్యేట్టుంటే ముందుగా ఎవరికి చెప్పాలి. ఎంపికైన వక్తల జాబితా కార్యక్రమ కమిటీ నుంచి వీసా కమిటీకి. నమోదైనవారి సంఖ్య రిజిస్ట్రేషన్ నుంచి వసతి కమిటీకి, భోజనాలు చూసేవారికి. వక్తలు ఏ భాషలో మాట్లాడతారన్నది దుబాసీల పని చూసేవారికి. ఎవరిస్తారు, ఎవరు పుచ్చుకుంటారు అన్న గళ్లలో కమిటీ పేరు రాయకండి, మనిషి పేరు రాయండి. కమిటీ పేరు రాసిన గడి ఖాళీ గడితో సమానం.

కమిటీలు ఎన్ని ఉండాలని చాలామంది అడుగుతారు. కార్యక్రమం, డబ్బు, వేదిక-వసతి, ప్రయాణం-వీసా, భాషలు-సౌలభ్యం, ప్రచారం. ఆరు చాలు. పదకొండు కమిటీలున్న సదస్సు చూశాను. అందులో ఇద్దరు మాత్రమే ఉన్న కమిటీకీ ఒక అధ్యక్షుడూ, ఒక ఉపాధ్యక్షుడూ ఉండేవారు.

తేదీలు వెనకనుంచి లెక్కపెట్టండి

అందరూ ఈరోజు నుంచి ముందుకు లెక్కిస్తారు. సదస్సు మొదటిరోజు నుంచి వెనక్కి రండి. ఉదాహరణకు షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల్లో, సదస్సు అనుకుందాం. స్వల్పకాలిక వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, ఆలస్యమైనా 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, అదనపు పరిశీలన అవసరమైతే 45 రోజుల దాకా పోవచ్చు. అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూసే రోజులు ఈ లెక్కలో లేవు. కాబట్టి లేఖ అతిథి చేతికి కనీసం 4 నెలల ముందు చేరాలి. అంటే ప్రయాణ సహాయం నిర్ణయం 5 నెలల ముందు, ఎంపికలు 6 నెలల ముందు, ప్రతిపాదనల గడువు 8 నెలల ముందు. ప్రతిపాదనలు పిలవడం 10 నెలల ముందు. ఈ తేదీల్లో ఏదైనా మార్చాలంటే దాని తర్వాత వచ్చే తేదీల మనుషులందరూ సరేనన్నాకే మార్చాలి. నేను మూడోసారి పెట్టిన కొత్త నియమం ఇదొక్కటే, దానికే ఎక్కువ తిట్లు తిన్నాను.

వేదిక ఏ దేశంలో అన్నది ఖాయం చేసేముందు ఆ దేశపు ప్రవేశ నియమాలు చదవండి. హాలు బాగుందా, విమానాలున్నాయా అన్నవి ఆ తర్వాత. అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు చరిత్రే దీనికి సాక్ష్యం. హెచ్‌ఐవీ ఉన్నవారి ప్రవేశంపై అమెరికా పెట్టిన ఆంక్షల వల్ల 1990లో శాన్‌ఫ్రాన్సిస్కో సదస్సును చాలా సంస్థలు బహిష్కరించాయి. 1992లో బోస్టన్‌లో జరగాల్సింది ఆమ్‌స్టర్‌డామ్‌కి మారింది. ఆ ఆంక్ష 2010లో పోయాక, 2012లో వాషింగ్టన్‌లో జరిగేదాకా ఆ సదస్సు మళ్లీ అమెరికా గడప తొక్కలేదు. ఎవరి గురించి మాట్లాడటానికి సదస్సు పెడుతున్నామో వాళ్లే లోపలికి రాలేకపోతే ఇంక ఆ హాలు ఎంత పెద్దదైతే ఏం లాభం?

ఆహ్వాన లేఖలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం అక్షరం ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు ఉంటాయి, ఒకే పేరున్న మనుషులుంటారు. మీ రిజిస్ట్రేషన్ ఫారం ఇంటిపేరు లేకుండా ముందుకు కదలనివ్వకపోతే వాళ్లు అక్కడ ఒక చుక్క పెడతారు. ఆ చుక్క లేఖలోకీ ఎక్కుతుంది. అలా చుక్కతో ఉన్న లేఖలు నేనే సంతకాలకు పంపాను. పేరు గడి ఒక్కటే పెట్టి, 'పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయండి' అనండి. ఖర్చు ఎవరు భరిస్తున్నారో, ఏయే రోజులకో లేఖలో స్పష్టంగా రాయాలి. భరించని ఖర్చు భరిస్తామని ఎవరి కోసమూ రాయకండి. వీసా వస్తుందని కూడా ఎవరికీ మాటివ్వకండి.

డబ్బు, సంతకాలు

ఆడిటర్‌ని కాబట్టి ఇక్కడ కాస్త నిలబడతాను. వాలంటీర్ కమిటీకి చట్టం దృష్టిలో ఉనికి లేదు. హాలు ఒప్పందంపై మీరు సొంత పేరుతో సంతకం పెడితే, రేపు తేడా వస్తే నోటీసు మీ ఇంటికే వస్తుంది. రిజిస్టరైన సంస్థ ఒకటి ముందుకొచ్చి తన పేరుతో ఒప్పందాలు చేసుకోవాలి, తన ఖాతాలోనే సదస్సు డబ్బు పెట్టాలి, ఆ డబ్బుకు లెక్క విడిగా రాయాలి. ఎంత మొత్తం దాకా ఖజానా చూసే మనిషి ఒక్కరే అనుమతించవచ్చో, ఎంత దాటితే రెండో సంతకం కావాలో మొదటి సమావేశంలోనే మినిట్స్‌లోకి ఎక్కించండి. స్నేహం కుదిరాక ఈ మాట ఎత్తడం కష్టం.

హోటల్ ఒప్పందంలో అందరూ గది అద్దె చదువుతారు. మీరు నిండని గదుల షరతు చదవండి. 100 గదులు పట్టి ఉంచి, అందులో 80 శాతం నిండాలని షరతు పెట్టారనుకోండి. 60 నిండితే మిగతా 20 గదుల డబ్బు మీరే కట్టాలి. అందుకని గదులు తిరిగి వదిలేసే తేదీలు రెండు మూడు అడిగి రాయించుకోండి, ఆ తేదీలు అప్పగింతల పట్టికలోకి ఎక్కించండి. వసతి కమిటీ ఆ తేదీ దాటాక రిజిస్ట్రేషన్ సంఖ్య అడిగితే ఏం ప్రయోజనం? రద్దు షరతులు కూడా అంతే శ్రద్ధగా చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్ నగరాల్లో జరగాల్సిన ఎయిడ్స్ 2020 సదస్సు కోవిడ్ వల్ల చివరికి ఆన్‌లైన్‌లోనే జరిగింది. ఆ ఏడాది తర్వాత 'మన చేతిలో లేని పరిస్థితి' అన్న పేరా కింద ఏమేం వస్తాయో పేరుపేరునా రాయమని అడగడానికి ఎవరూ మొహమాటపడటం లేదు.

ప్రయాణ సహాయం విషయంలో నాదొక గట్టి అభిప్రాయం. 'ముందు మీరు ఖర్చు పెట్టుకోండి, రసీదులు చూపిస్తే తర్వాత ఇస్తాం' అన్న పద్ధతి పేద సంస్థలను గుమ్మంలోనే ఆపేస్తుంది. చేతిలో అంత డబ్బుంటే సహాయం ఎందుకు అడుగుతారు? టికెట్ కమిటీయే కొని పంపాలి. రోజు ఖర్చుల డబ్బు బ్యాంకు ద్వారా పంపేటప్పుడు ఛార్జీలన్నీ పంపేవారే భరించే పద్ధతి ఎంచుకోండి. లేకపోతే దారిలో బ్యాంకులు తలా కొంచెం కోసుకుని, చేరేసరికి మొత్తం తగ్గిపోతుంది.

దుబాసీలు

భాషల కమిటీని అందరికంటే ఆఖర్న వేస్తారు. వేదిక కుదరకముందే వేయాలి, ఎందుకంటే దుబాసీల గదులు ఎక్కడ పెట్టాలన్నది హాలు నిర్ణయంలో భాగం. అద్దంలోంచి వక్త ముఖమూ తెరా కనబడాలి. హాలు వెనక స్తంభం పక్కన గది పెట్టిన సదస్సులో దుబాసీ మాటిమాటికీ లేచి నిలబడి తొంగి చూడాల్సివచ్చింది. అప్పటికప్పుడు అమర్చే గదులకు ఐఎస్ఓ 4043 అనే ప్రమాణం ఉంది. సామగ్రి అద్దెకిచ్చేవారిని ఆ నంబరు చెప్పి అడగండి. సామగ్రి ఖర్చు వేరు, మనుషుల ఖర్చు వేరు. బడ్జెట్‌లో రెండు వరసలుండాలి.

వక్త మాట్లాడుతుండగానే అనువదించే పనిలో ఒక్కో గదికి కనీసం ఇద్దరుండాలి. దాదాపు అరగంటకోసారి వాళ్లు మారతారు, అంతకుమించి ఆ పని ఒకరి వల్ల కాదు. 'మాకు ఒక్కరు చాలు, బాగా వచ్చినవాడే' అని చెప్పే కమిటీని చూశాను. ఆ బాగా వచ్చినవాడికి రెండో గంటలో నోట మాట రాలేదు. సంజ్ఞాభాషకీ ఇదే లెక్క. వాలంటీర్ దుబాసీలతో పెద్ద సదస్సులు జరపడం కొత్తేమీ కాదు. ఐరోపా సామాజిక వేదిక సమావేశాల కోసం బాబెల్స్ అనే వాలంటీర్ దుబాసీల వ్యవస్థే పుట్టింది. కానీ వాలంటీరైనా ప్రయాణం, బస, విశ్రాంతి కమిటీయే చూడాలి. ప్రసంగాలు, స్లయిడ్లు వారం ముందే వాళ్లకు అందాలి. ఇది కూడా అప్పగింతల పట్టికలో ఒక వరస. రాసుకొచ్చిన ప్రసంగాన్ని గబగబా చదివేసే వక్తను ఎంత గొప్ప దుబాసీ అయినా అందుకోలేడు. కాబట్టి సెషన్ నడిపేవారి చేతికి 'నెమ్మదిగా' అని రాసిన అట్ట ఒకటివ్వండి.

నిద్రపోతున్నవాళ్లకూ ఓటుంది

కమిటీ సమావేశాల సమయం ఎప్పుడూ యూటీసీలో, అంటే అన్ని దేశాలూ పోల్చుకునే ప్రామాణిక సమయంలో, రాయండి. నేపాల్ యూటీసీకి 5 గంటల 45 నిమిషాలు ముందుంటుంది, పూర్తి గంటల్లోనే ఆలోచించేవాళ్లు అక్కడ తప్పకుండా పొరబడతారు. మార్చి, అక్టోబరు నెలలు మరీ ప్రమాదం. అమెరికాలో వేసవి వేళ కోసం గడియారాలు మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు జరుగుతాయి, ఐరోపాలో ఆఖరి ఆదివారం. మళ్లీ వెనక్కి జరిగేటప్పుడు ఐరోపా అక్టోబరు ఆఖరి ఆదివారం, అమెరికా నవంబరు మొదటి ఆదివారం. ఆ మధ్య రోజుల్లో రెండింటి మధ్య తేడా ఒక గంట మారిపోతుంది. ఒక మార్చిలో నేను బడ్జెట్ సమావేశానికి సరిగ్గా గంట ఆలస్యంగా చేరి, అందరూ వెళ్లిపోయిన తెరవంక చూస్తూ కూర్చున్నాను.

అర్ధరాత్రి సమావేశం ఎప్పుడూ ఒకే ఖండం నెత్తిన పడకూడదు. వేళలు వంతులవారీగా తిప్పండి. ఇంకా ముఖ్యమైనది: సమావేశంలో తీసుకున్న నిర్ణయం 72 గంటలు ముసాయిదాగానే ఉండాలి. రాలేకపోయినవాళ్లు చదివి అభ్యంతరం రాయొచ్చు. ఎవరూ రాయకపోతే ఖాయం. మౌనం అంగీకారం కావాలంటే ఆ మాట ముందే అందరికీ చెప్పి ఉండాలి.

పాస్‌వర్డ్ ఏదైనా ఇద్దరి దగ్గరుండాలి. ఈమెయిల్ ఖాతాలు పదవుల పేరు మీద ఉండాలి, మనుషుల పేరు మీద కాదు. వాలంటీర్లకు ఉద్యోగాలు మారతాయి, పిల్లలు పుడతారు, జబ్బులు చేస్తాయి. వాళ్లు వెళ్లిపోవడం ద్రోహం కాదు. మేం నెలకోసారి 'తప్పుకోవాలని ఎవరికైనా ఉందా' అని మామూలుగా అడిగేవాళ్లం. అడిగితే ముందుగా చెప్తారు. అడగకపోతే ఒకరోజు జవాబివ్వడం మానేస్తారు.

సదస్సు రోజుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అప్పటికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. ఒక్కో షిఫ్టు 4 గంటలు మించకండి. బల్లకి ఇద్దర్ని పెట్టండి. ఏ బల్లకీ కట్టిపడేయని నలుగురిని చేతిలో ఉంచుకోండి, వాళ్లు ఊరికే కూర్చున్నట్టు కనిపించినా పని చెప్పకండి.

అయిపోయాక రెండు వారాల్లోపు, జ్ఞాపకం పచ్చిగా ఉండగానే, అప్పగింతల పట్టికను మళ్లీ తెరవండి. ప్రతి వరస పక్కన అసలు ఏ తేదీకి అందిందో రాయండి. వచ్చేసారి చేయబోయేవాళ్లకు పెద్ద నివేదికకంటే ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది. ఖాతా లెక్కలు తేల్చి ఆ సంస్థకు అప్పగించండి. వీసా కోసం తీసుకున్న పాస్‌పోర్టు కాపీలు ఎవరెవరి కంప్యూటర్లలో ఉన్నాయో ఒక్కొక్కరినీ అడిగి, అన్నీ చెరిపించండి. చెరిపినట్టు ఆఖరి మినిట్స్‌లో ఒక వాక్యం రాసి, అప్పుడు కమిటీని రద్దు చేయండి.