గోడమీద టచ్‌స్క్రీన్: మోటారు దగ్గర మొదలుపెట్టండి

లైట్లు, ఫ్యాన్లు, మోటారు, గేటు అన్నీ ఒకేచోట చూసుకునేలా గోడకి టచ్‌స్క్రీన్ బిగించుకోవాలనుకుంటే చాలామంది ముందు స్క్రీన్ కొనేస్తారు. నన్నడిగితే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, ఇంట్లోవాళ్లు రోజూ ఏ స్విచ్ కోసం లేచి వెళ్తున్నారో రాయండి. విశాఖలో, మా పెదగంట్యాడ ఇంట్లో ఆ కాగితం మీద మొదట పడిన పేరు మోటారు. కుళాయి నీళ్లు సంపులో పడతాయి, అక్కడినుంచి పై ట్యాంకుకి ఎక్కించాలి. ట్యాంకు పొంగిందంటే ముందు మా అమ్మ గొంతు వినిపిస్తుంది: “ఏట్రా, నీళ్లు పోతన్నాయి, చూడవేటి?” లైటు ఆపడం మర్చిపోతే బిల్లు కాస్త పెరుగుతుంది. మోటారు మర్చిపోతే నీళ్లు పోతాయి, సంపు ఖాళీ అయితే మోటారే కాలిపోతుంది. అందుకే స్క్రీన్ మీద మొదటి గడి దానిదే.

నేను స్టీల్‌ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసి రిటైరయ్యాను. కంట్రోల్ రూములో మా కళ్లెదుట ఎప్పుడూ ఇలాంటి స్క్రీన్లే ఉండేవి. అక్కడ మాకు నేర్పిన మొదటి పాఠం: మనం ఇచ్చిన ఆర్డరు వేరు, అవతల నిజంగా జరిగింది వేరు. పంపుకి స్టార్ట్ ఇచ్చామని స్క్రీన్ ఆకుపచ్చగా మారకూడదు. పంపు తిరుగుతోందని అక్కడినుంచి కబురు రావాలి, అప్పుడే మారాలి. ఇంట్లో కూడా ఈ ఒక్క నియమం పాటిస్తే ఇంటిల్లిపాదీ ఆ స్క్రీన్‌ని నమ్ముతారు. నమ్మకం లేకపోతే బటన్ నొక్కి కూడా పెరట్లోకి వెళ్లి చెవి పెట్టి వింటారు. ఇక స్క్రీన్ ఎందుకు?

సామాన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. గోడమీదకి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు (ఇకనుంచి ఉత్త ‘పై’ అంటాను), దాని కంపెనీదే ఏడంగుళాల టచ్ డిస్‌ప్లే. 2015లో వచ్చిన పాత మోడల్ 800 బై 480 పిక్సెల్స్‌ది, ఈ పనికి చాలు. 2024లో వచ్చిన రెండో మోడల్ 720 బై 1280, అక్షరాలు ఇంకా నీటుగా కనిపిస్తాయి. ఇల్లంతటినీ నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌ని మాత్రం గోడమీద పెట్టకండి. ఇంకో పై మీదో, పాత ల్యాప్‌టాప్ మీదో వేసి రూటర్ పక్కన ఉంచండి. గోడమీదది చూపించడానికే. అది పాడైనా ఇల్లు నడుస్తూనే ఉంటుంది. పాత ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉంటే దాన్నే గోడకి పెట్టి ఫుల్లీ కియోస్క్ బ్రౌజర్ అనే యాప్ వాడొచ్చు, ఖర్చు బాగా తగ్గుతుంది. కాకపోతే రాత్రీ పగలూ చార్జింగ్‌లోనే ఉంటే మన ఎండలకి బ్యాటరీ ఉబ్బుతుంది. స్మార్ట్ ప్లగ్ పెట్టి ముప్ఫై శాతానికి దిగితే చార్జింగ్ మొదలై, డెబ్భైకి ఆగేలా చేసుకోండి.

ఇప్పుడు కరెంటు. ఇక్కడ తొందరపడకండి. పైకీ డిస్‌ప్లేకీ కలిపి ఐదు వోల్టుల దగ్గర రెండు ఆంపియర్ల దాకా పడుతుంది. ఇన్వర్టర్ దగ్గర ఐదు వోల్టుల అడాప్టర్ పెట్టి, పది మీటర్ల దూరంలో ఉన్న స్క్రీన్‌కి 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగారనుకోండి. వెళ్లడానికి పది, రావడానికి పది, మొత్తం ఇరవై మీటర్ల రాగి. దాని నిరోధం అర ఓము కన్నా కాస్త తక్కువ. రెండు ఆంపియర్లకి దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది. అవతల మిగిలేది నాలుగు వోల్టుల చిల్లర. 4.63 వోల్టుల కిందకి దిగితే రాస్ప్‌బెర్రీ పై వోల్టేజీ తక్కువైందని హెచ్చరిస్తుంది, తర్వాత ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. జనం సాఫ్ట్‌వేర్‌ని అనుమానిస్తారు కానీ తప్పు వైరుది.

దీనికి మందు: ఇన్వర్టర్ లైను మీద 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) పెట్టి, 12 వోల్టులే గోడదాకా తీసుకెళ్లి, స్క్రీన్ వెనకాల బక్ కన్వర్టర్‌తో ఐదుకి దించడం. అదే పవర్‌కి 12 వోల్టుల దగ్గర ఒక్క ఆంపియరు చాలు, దారిలో అర వోల్టు పోయినా కన్వర్టర్‌కి పట్టదు. ఐదు ఆంపియర్ల రేటింగ్ ఉన్న కన్వర్టర్ తీసుకోండి, చల్లగా పనిచేస్తుంది. పై తగిలించే ముందే మల్టీమీటర్ పెట్టి, స్క్రూ తిప్పి 5.1 వోల్టులకి సెట్ చేయండి. 12 వోల్టుల లైన్లో మొదట్లోనే రెండు ఆంపియర్ల ఫ్యూజు వేయండి. రూటరు, హోమ్ అసిస్టెంట్ నడిచే యంత్రం కూడా ఇన్వర్టర్ మీదే ఉండాలి. కరెంటు పోయినప్పుడు స్క్రీన్ ఒక్కటే వెలుగుతుంటే దేనికీ పనికిరాదు.

230 వోల్టుల వైపు పనంతా ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) లేకపోతే ఈ పనిలోనే పెట్టించేయండి. 12 వోల్టుల వైరుని 230 వైర్లున్న పైపులోంచి లాగనివ్వకండి. “ఏం కాదు సార్, ఇదే పైపులో తోసేద్దాం” అంటారు. వద్దని గట్టిగా చెప్పండి, వేరే పైపు వేయించండి.

స్క్రీన్ ఎక్కడ పెట్టాలి? విశాఖలో ఈ ప్రశ్నకి గాలి కూడా జవాబు చెప్పాలి. మా వీధికి గంగవరం పోర్టు వైపు నుంచి ఉప్పు గాలి, దాంతోపాటు సన్నటి నల్ల దుమ్ము వస్తాయి. లాసన్స్ బే, సాగర్ నగర్ వైపు ఉండేవాళ్లకి ఉప్పు ఇంకా ఎక్కువ. సముద్రం వైపు కిటికీకి ఎదురుగోడ వద్దు. డిస్‌ప్లేని పైకి కలిపే రిబ్బన్ కేబుల్ కొసల్లో సన్నటి లోహపు గీతలుంటాయి. వాటిమీద పచ్చటి పొర కట్టడం మొదలైతే టచ్ ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. ఆ కేబుల్‌ని శుభ్రమైన పొడి చేతులతో గుచ్చి, పైన నల్ల క్లిప్పు పూర్తిగా దిగిందో లేదో వేలుగోటితో నొక్కి చూడండి. మరలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే. మామూలు మరలు ఒక వానాకాలానికే తుప్పు పట్టి గోడమీద గోధుమరంగు చారలు దించుతాయి. ఉప్పు గాలి రాకూడదని పెట్టెని సిలికాన్‌తో పూర్తిగా మూసేయకండి. లోపలి వేడి బయటికి పోదు, తేమ లోపలే చిక్కుకుంటుంది. పై 80 డిగ్రీలు దాటితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు స్క్రీన్ మొద్దుగా అనిపిస్తుంది. కింది అంచున, పై అంచున సన్నటి గాట్లు వదిలి, లోపలివైపు దోమల మెష్ అతికించండి. మెష్ ఎందుకంటారా? వెచ్చగా ఉన్న చోటికి బల్లులు చేరతాయి.

తొమ్మిదంగుళాల ఇటుక గోడైతే చెక్కించి పెట్టెని లోపలికి దించొచ్చు. నాలుగున్నర అంగుళాల గోడని లోతుగా చెక్కొద్దు. మధురవాడ వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలే కాంక్రీటుతో పోస్తున్నారు, వాటి జోలికి అసలు వెళ్లకూడదు. అలాంటి చోట వడ్రంగితో రెండంగుళాల లోతున్న టేకు ఫ్రేము చేయించి గోడపైనే బిగించండి. పాత డిస్‌ప్లే కొలత 194 బై 110 మిల్లీమీటర్లు. అంతే సైజులో అట్టముక్క కత్తిరించి, అనుకున్న చోట టేపుతో అంటించి కొన్నాళ్లు అలాగే ఉంచండి. ఇంట్లో పొట్టివాళ్లు, కుర్చీలో కూర్చునే పెద్దవాళ్లు దానిమీద వేలు పెట్టి చూపిస్తే ఎత్తు తేలిపోతుంది. వంటింటి సింకు దగ్గర మాత్రం వద్దు. తడి చేతికి ఈ టచ్ సరిగ్గా పలకదు.

ఇక మోటారు. బజారులో దొరికే పది ఆంపియర్ల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) బోర్డుకి మోటారు నేరుగా కలపకండి. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఆరేడు ఆంపియర్లే తీసుకున్నా, ఎక్కేటప్పుడు, అంటే స్టార్టయ్యేటప్పుడు, ఒక్క క్షణం దానికి ఐదారు రెట్లు లాగుతుంది. రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఆపినా ఆగదు. 25 ఆంపియర్ల కాంటాక్టర్ ఒకటి పెట్టించండి, అది మోటార్లకి తట్టుకునే పెద్ద రిలే. చిన్న రిలే ఆ కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే నడపాలి. రిలేకి మెదడుగా ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు, దాంట్లో ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేర్.

ఇప్పుడు ఆ నిజం కబురు తెచ్చే భాగం. పీజెమ్ 004టీ అనే చిన్న మీటరు బోర్డు దొరుకుతుంది. దాని ఉంగరంలోంచి మోటారు ఫేజు వైరుని దూర్చితే ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చెబుతుంది. బటన్ నొక్కగానే స్క్రీన్ మీద “ఎక్కుతోంది” అని రావాలి. ఐదు సెకన్లలో కరెంటు మూడు ఆంపియర్లు దాటితే “నడుస్తోంది”. దాటకపోతే “మోటారు ఎక్కలేదు” అని ఎర్రగా. సంపు అడుగంటితే పంపుకి పని తగ్గి కరెంటు మామూలు కన్నా పడిపోతుంది, అప్పుడు వెంటనే ఆపేసి “సంపులో నీళ్లు లేవు” అని చూపించాలి. మీ మోటారు నిండు నీళ్లతో ఎంత లాగుతుందో ముందు రాసుకుంటే ఈ హద్దులు ఎంత పెట్టాలో తెలుస్తుంది. ట్యాంకు మట్టానికి తడి తగిలినా పాడవని అల్ట్రాసోనిక్ సెన్సరు, జేఎస్ఎన్ ఎస్ఆర్04టీ, మూతకి బిగించొచ్చు. అది పాతిక సెంటీమీటర్ల లోపు దూరం సరిగా చదవదు, కాబట్టి నిండిన నీటికి పైన అంత ఖాళీ ఉండేలా కాస్త ఎత్తులో పెట్టాలి. అది ఉన్నా సరే, నీటిమీద తేలుతూ పనిచేసే ఫ్లోట్ స్విచ్ కూడా ఒకటి వేయించి కాంటాక్టర్ కాయిల్ లైన్లో నేరుగా కలిపించండి. ఏ సాఫ్ట్‌వేరూ లేకుండానే అది మోటారుని ఆపుతుంది.

మోటారు ఒక్కసారికి ఎంతసేపు నడవొచ్చో ఆ గరిష్ఠ సమయం లెక్క, డ్రై రన్ (నీళ్లు లేకుండా తిరగడం) లెక్క ఈఎస్‌పీ32లోనే ఉండాలి, హోమ్ అసిస్టెంట్‌లో కాదు. వైఫై పోయినా మోటారు తన టైముకి ఆగాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు రిలే ఆఫ్‌లోనే లేచేలా సెట్టింగు పెట్టండి. ఇంకోటి: ఈఎస్‌పీహోమ్ బోర్డుకి పావుగంట పాటు హోమ్ అసిస్టెంట్ కనబడకపోతే అది తనంతట తానే రీబూట్ అవుతుంది. ఆ సమయాన్ని సున్నా చేసి రీబూట్‌ని ఆపేయండి.

మోటారు దగ్గర లోకల్, ఆఫ్, రిమోట్ అని మూడు స్థానాల సెలెక్టర్ స్విచ్ ఒకటి తప్పనిసరి. ప్లాంటులో ప్రతి మోటారుకీ ఇలాంటి ఏర్పాటు ఉండేది. ప్లంబరు పంపు మీద చేయి పెట్టినప్పుడు ఆ స్విచ్ ఆఫ్‌లో ఉంటే, హాల్లో పిల్లాడు స్క్రీన్ నొక్కినా ఏమీ కాదు. లోకల్‌లో పెడితే చేత్తోనే నడుస్తుంది. లైట్లకి, ఫ్యాన్లకి కూడా గోడ స్విచ్‌లు ఎప్పటిలా పనిచేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ని చూసిన ఊరు మనది, రోజుల తరబడి కరెంటూ నెట్టూ లేకుండా ఎలా ఉన్నామో ఎవరూ మర్చిపోలేదు. జనరేటర్ తెచ్చుకున్న రోజున మోటారు వేయడానికి సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ల కోసం వెతికే పరిస్థితి రాకూడదు.

స్క్రీన్ మీద ఏముండాలో చెప్తాను. ఆరు గడులు, రెండు వరసలు, అంతే. పాత డిస్‌ప్లేలో కనబడే భాగం వెడల్పు 155 మిల్లీమీటర్లు, అంటే మిల్లీమీటరుకి ఐదు పిక్సెళ్లు. పెద్దవాళ్ల వేలికి కనీసం పాతిక మిల్లీమీటర్ల గడి కావాలి, అంటే 130 పిక్సెళ్లు. వరసకి మూడు పెడితే ఒక్కొక్కటి అంతకన్నా హాయిగా సరిపోతుంది. పేర్లు తెలుగులో, ఇంట్లో అనుకునే మాటల్లోనే రాయండి: మోటారు, పై ట్యాంకు, గేటు లైటు, మెట్ల లైటు, దేవుడి గది, ఇన్వర్టర్. తెలుగు ఫాంటు లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి, నోటో ఫాంట్ల ప్యాకేజీ ఒకటి ఇన్‌స్టాల్ చేయండి.

రంగుల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. కంట్రోల్ రూము స్క్రీన్ల కోసం 2015లో వచ్చిన ఐఎస్‌ఏ 101 ప్రమాణాన్ని పాటించే చోట్ల స్క్రీన్లు ఎక్కువగా బూడిదరంగులో ఉంటాయి, రంగు తేడాగా ఉన్నచోటే కనిపిస్తుంది. అన్నీ సవ్యంగా ఉంటే మీ స్క్రీన్ కూడా బూడిదగా, ప్రశాంతంగా ఉండాలి. వాతావరణం బొమ్మలు, మెరిసే గ్రాఫులు పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. ఎరుపు వచ్చిందంటే హాలు అవతలి కొస నుంచి చూసినా ఎవరైనా లేచి రావాలి. రంగుతో పాటు మాట కూడా రాయండి, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లు ఉంటారు.

సాఫ్ట్‌వేర్ పని ఒక సాయంత్రంలో అయిపోతుంది. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వేసి, ఆన్ కాగానే క్రోమియం బ్రౌజర్ కియోస్క్ మోడ్‌లో (తెరంతా ఒకే పేజీ) హోమ్ అసిస్టెంట్ పేజీ తెరుచుకునేలా పెట్టండి. రూటర్‌లో ఈ పైకి ఒక ఐపీ (నెట్‌వర్క్ అడ్రసు) ఖాయం చేసి, ఆ ఒక్క ఐపీని హోమ్ అసిస్టెంట్‌లో నమ్మకమైన నెట్‌వర్క్‌గా రాస్తే ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగదు. ఆ లాగిన్‌కి అడ్మిన్ హక్కులు ఇవ్వకండి. బయటినుంచి చూడాలంటే రూటర్‌లో పోర్టు తెరవకండి, టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ వాడండి. రాత్రి వెలుతురు తగ్గించేటప్పుడు, చీకటి స్క్రీన్ మీద పడే మొదటి తాకిడి స్క్రీన్‌ని లేపడానికే తప్ప బటన్ నొక్కడానికి కాకూడదు. పరీక్షించి చూడండి.

అంతా కుదిరాక పై సెట్టింగుల ప్రోగ్రాం రాస్‌పీ కాన్ఫిగ్‌లో ఓవర్లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేయండి. అప్పుడు పైలోని మెమరీ కార్డు మీద రాతలు ఆగిపోతాయి, కరెంటు పోయి వస్తున్నా కార్డు చెడిపోయే భయం బాగా తగ్గుతుంది. ఆ కార్డుకి ఒక నకలు తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫ్రేము లోపలే అతికించండి. పక్కనే వైరింగ్ బొమ్మ ఒకటి, ఏ వైరు దేనిదో తెలుగులో రాసి. రేపు మీరు ఊళ్లో లేనప్పుడు ఆ ఫ్రేము విప్పే ఎలక్ట్రీషియన్‌కి అది కావాలి.