తుఫాను రోజులకు ముందు సోలార్ బ్యాటరీ నిండుదనం తేల్చుకోవడంలో జాగ్రత్తలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటిన తరువాత, శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం గ్రామాలు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. అటువంటి సమయంలో డాబా మీది సోలార్ ప్యానెల్ ఆదుకోవాలంటే, బ్యాటరీ మబ్బులు కమ్మకముందే నిండి ఉండాలి. వాయుగుండం కబురు వచ్చాక మొదలుపెడితే ఎండ దొరకదు కాబట్టి, ఈ పరీక్షలను అక్టోబరు ఆరంభంలోనే, ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో ముగించుకోవడం మేలు.

ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్ మీద పచ్చ లైటు వెలగగానే బ్యాటరీ నిండిందని చాలామంది నమ్ముతారు. ఆ లైటు చాలా కంట్రోలర్లలో వోల్టేజీ ఒక హద్దుకు చేరిందని మాత్రమే చెబుతుంది. పొంగు వచ్చిందని అన్నం ఉడికిపోయిందనుకోవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ వోల్టేజీ సుమారు 14.4 కు చేరేసరికి అందులో దాదాపు 80 శాతమే ఎక్కి ఉంటుంది, మిగిలినది ఎక్కాలంటే ఆ వోల్టేజీ గంటల తరబడి నిలవాలి. పైగా ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకున్న పాత బ్యాటరీ కొత్తదానికంటే త్వరగా పచ్చ లైటు చూపిస్తుంది, అంతే త్వరగా ఖాళీ అవుతుంది. భావనపాడు, కళింగపట్నం వంటి తీర గ్రామాల్లో మరొక చిక్కు ఉంది. ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్లకు, అంటే వైర్లు బిగించే కొనలకు, తుప్పు పట్టినప్పుడు, ఆ అతుకు దగ్గర కొంత వోల్టేజీ పోతుంది గనుక కంట్రోలర్ బ్యాటరీలో ఉన్నదానికంటే ఎక్కువ చూసి ముందుగానే ఛార్జింగ్ తగ్గించేస్తుంది. అందువల్ల ముందుగా టెర్మినళ్లను శుభ్రం చేసి, బిగించి, పెట్రోలియం జెల్లీ రాయాలి.

నిండుదనానికి నమ్మదగిన మొదటి గుర్తు కరెంటు. మంచి ఎండలో, ఫ్యాన్లు, లైట్లు ఆపివేసి, వోల్టేజీ 14.4 దగ్గర నిలిచి ఉండగా, 150 ఆంపియర్ అవర్ (బ్యాటరీ సామర్థ్యపు కొలత) బ్యాటరీలోకి వెళ్లే కరెంటు రెండు మూడు ఆంపియర్లకు దిగి, గంటసేపు అక్కడే ఉంటే బ్యాటరీ నిండినట్టే. మబ్బు అడ్డొచ్చినా కరెంటు తగ్గుతుంది, అయితే అప్పుడు వోల్టేజీ కూడా పడిపోతుంది. ఆ తేడా గమనించకపోతే మోసపోతాము.

మూతలు తీయగలిగే ట్యూబులర్ (లెడ్ యాసిడ్‌లో ఒక రకం) బ్యాటరీకి, లోపలి యాసిడ్ సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్‌ను మించిన సాక్షి లేదు. గంటకోసారి చూసిన రీడింగు మూడుసార్లు మారకుండా, తయారీదారు చెప్పిన అంకె దగ్గర, అంటే మన ఇన్వర్టర్ బ్యాటరీల్లో సాధారణంగా 1.240 ప్రాంతంలో నిలవాలి. ఒక సెల్ మాత్రం మిగిలినవాటికంటే బాగా తక్కువ చూపిస్తే, ఎంత ఛార్జ్ చేసినా ఆ బ్యాటరీ తుఫాను రాత్రికి నమ్మదగినది కాదు. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే తీసిన రీడింగు తప్పుగా వస్తుంది. ప్లేట్లు బయటపడితే తప్ప నీరు ఛార్జింగ్ పూర్తయ్యాకే పోయాలి. నిండే దశలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక గది తలుపులు తెరిచి ఉంచి, దగ్గరలో దీపం గానీ బీడీ గానీ వెలిగించకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు ధరించి, లోహపు గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టాలి.

మూతలు లేని సీల్డ్ బ్యాటరీకి ప్యానెల్‌నూ లోడునూ విడదీసి, రాత్రంతా వదిలి, ఎండ రాకముందు మల్టీమీటర్‌తో చూడాలి. 12.7 వోల్టులు లేదా ఆపైన ఉంటే మంచిది. ఛార్జింగ్ ఆపిన వెంటనే కనిపించే 13 పైచిలుకు అంకెను లెక్కలోకి తీసుకోకూడదు.

సోలార్‌కు ఎక్కువగా వాడే 12 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ఈ పద్ధతి పనికిరాదు. సగం ఉన్నా, ముప్పాతిక ఉన్నా వోల్టేజీ 13.2 దరిదాపుల్లోనే కదలకుండా ఉంటుంది. తెర మీది శాతం కూడా వారాల తరబడి పూర్తిగా నింపకపోతే తప్పు చూపుతుంది, కాబట్టి తయారీదారు చెప్పిన వోల్టేజీ దాకా పోనిచ్చి కరెంటు తగ్గే వరకు ఆగాలి.

సమయం విషయంలో దురాశ వద్దు. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ సగం ఖాళీ అయితే 900 వాట్ అవర్ కావాలి. 150 వాట్ల ప్యానెల్ మంచి రోజున ఇచ్చేది సుమారు 600, అందులోనూ కొంత వృథా అవుతుంది. ఏమీ వాడకపోయినా రెండు రోజులు తప్పవు. గాలి మొదలవక ముందే ప్యానెల్ దించదలచినవారు కంట్రోలర్ నుంచి మొదట ప్యానెల్ వైరు తీసి, ఆ తరువాతే బ్యాటరీ వైరు ముట్టుకోవాలి.